నలభై రెండేళ్లు ఆలస్యమైన జవాబు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నెల కిందట కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ అనుభవాలు, మీరు సాధించినవి చెప్పండి, ఇరవై నిమిషాలు" అన్నారు. నా వృత్తి చలి పుట్టించడం. ముప్ఫై ఏళ్లు దాటింది, రొయ్యల ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో రిఫ్రిజిరేషన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కరెంటు పోయిన రాత్రి కూడా సరుకు కరగకుండా చూడటమే మా వృత్తిలో ఘనవిజయం. దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే భోజనాల దగ్గర నన్నెవరూ పలకరించరు. అందుకని, "మామత్ గురించి మాట్లాడతానండీ" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఎవరండీ ఆయన, ఏ బ్యాచ్?" అని అడిగారు.

మామత్ మన బడిలో చదవలేదు గానీ, నా మటుకు నాకు ఈ బడిలోనే పరిచయమైంది. అది 1983. నేను ఎనిమిదో తరగతి. మా సైన్స్ మాస్టారు ఇక్కడే, రెండో కుర్చీలో ఉన్నారు. పేరు చెప్పొద్దని నిన్ననే ఆజ్ఞాపించారు, చెప్పను. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఆయన రష్యన్ పుస్తకాలు కొనేవారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, చవక ధర. అలాంటి ఒక పుస్తకంలో ఒళ్లంతా జుట్టు వేలాడుతున్న ఏనుగు బొమ్మ చూపించి, "దీన్ని మామత్ అంటారు. వేల ఏళ్ల కిందట చచ్చిపోయింది. సైబీరియాలో గడ్డకట్టిన నేలలో తోలుతో, మాంసంతో సహా దొరికింది" అన్నారు.

నేను లేచి, "మాస్టారూ, ఆ మంచు కరిగిస్తే అది లేచి నడుస్తుందాండీ?" అని అడిగాను.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "రేపొచ్చేటప్పుడు ఒక టమాటా పట్రా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే నన్నూ ఇంకో కుర్రాణ్నీ ఐసు ఫ్యాక్టరీకి పంపారు. ఊక చల్లిన గోనెసంచిలో ఐసు గడ్డ మోసుకొచ్చాం. దాన్ని పగలగొట్టి, కల్లుప్పు కలిపి, మధ్యలో టిఫిను గిన్నె పెట్టి, అందులో టమాటా ఉంచారు. మధ్యాహ్నానికి అది రాయి అయింది. బల్ల మీద కొడితే ఠంగుమంది. తర్వాత ఎండలో పెట్టించారు. ఆఖరి పీరియడుకల్లా కరిగింది. చూడ్డానికి టమాటాయే, అదే ఎరుపు, అదే తొడిమ. చేతిలోకి తీసుకుంటే చతికిలబడి నీళ్లు కారింది.

"ఎందుకిలా అయిందో, మామత్‌కి కూడా ఇలాగే అవుతుందో కనుక్కుని వచ్చి చెప్పు" అన్నారు మాస్టారు. తర్వాత పరీక్షలొచ్చాయి, వేసవి సెలవులొచ్చాయి, జూన్‌లో ఆయనకు బదిలీ అయింది. నేను జవాబు చెప్పలేదు. ఇవాళ చెబుతాను. మాస్టారికి ఇప్పుడు కాస్త చెముడు కాబట్టి గట్టిగా చెబుతాను, మిగతావాళ్లు మన్నించాలి.

పిల్లలు కూడా ఉన్నారు కనుక ముందు మామత్ అంటే ఏమిటో చెప్పాలి. కొండంత జంతువనుకుంటాం. నిజానికి ఊలు మామత్ ఇప్పటి ఆఫ్రికా ఏనుగంతే. భుజం దగ్గర సుమారు 3 మీటర్ల ఎత్తు, పెద్ద మగదైతే 6 టన్నుల దాకా బరువు. అయితే బంధుత్వంలో అది ఆఫ్రికా ఏనుగు కంటే మన ఆసియా ఏనుగుకే దగ్గర. ఈ రెండు శాఖలూ సుమారు 60 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయి. గుళ్లో మనం అరటిపండు పెట్టి దండం పెట్టుకునే ఏనుగే దానికి ఈ భూమ్మీద మిగిలిన దగ్గరి చుట్టం.

చలి ఇంజనీరుగా దాని డిజైన్ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మన ఏనుగు చెవి చేటంత, ఒంట్లో వేడిని బయటికి పంపే రేడియేటరది. మామత్ చెవి చాలా చిన్నది, వేడి పోకూడదు కదా. తోకా పొట్టిదే. తోలు కింద 8 నుంచి 10 సెంటీమీటర్ల కొవ్వు. పైన మీటరుకు కాస్త తక్కువ పొడవున్న జుట్టు, దాని కింద మెత్తటి ఉన్ని. ఇది ఇన్సులేషన్. దీనికంటే గొప్ప సంగతి దాని రక్తంలో ఉంది. మామూలుగా ఒళ్లు చల్లబడితే హిమోగ్లోబిన్ ప్రాణవాయువును సరిగా వదలదు. మామత్ హిమోగ్లోబిన్‌లో చిన్న మార్పు ఉంది, చలిలో కూడా అది ప్రాణవాయువును వదలగలదు. 2010లో శాస్త్రవేత్తలు మామత్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, ఆ హిమోగ్లోబిన్‌ను మళ్లీ తయారుచేసి మరీ పరీక్షించారు.

అవి మంచుగడ్డల మధ్య బతికాయనుకోవడం కూడా పొరపాటే. అంత పెద్ద జంతువు మంచు తిని బతకదు. మంచు యుగంలో పశ్చిమ ఐరోపా నుంచి సైబీరియా మీదుగా కెనడా దాకా చల్లటి, పొడి గడ్డి మైదానం ఉండేది. గడ్డే వాటి తిండి. వాతావరణం వేడెక్కాక ఆ మైదానం తడిసి నాచు నేలగా, పొదలుగా మారింది. మనిషి బల్లెం కూడా తోడైంది. సుమారు 10,000 ఏళ్ల కిందటికి ప్రధాన భూభాగం మీద అవి దాదాపు కనుమరుగయ్యాయి.

ఒక జాతి మొత్తం అంతరించిపోగలదన్న సంగతిని లోకం ఒప్పుకున్నది కూడా దీనివల్లనే. ఈ ఎముకలు దొరికితే, ఇలాంటి జంతువులు ఇంకా ఎక్కడో తిరుగుతూ ఉంటాయిలే అనుకునేవారు. 1796లో పారిస్‌లో జార్జ్ కువియే మామత్ దవడను ఆసియా, ఆఫ్రికా ఏనుగుల దవడలతో పోల్చి, ఇది వేరే జాతి, ఇప్పుడు లేదు అని తేల్చాడు. "లేదు" అనే మాట ఒక జంతువు గురించి అంత గట్టిగా చెప్పడం కొత్త.

ఇక దొరికిన మామత్‌ల సంగతి. 1799లో లీనా నది ముఖద్వారం దగ్గర ఒస్సిప్ షుమాఖోవ్ అనే వేటగాడు గడ్డకట్టిన మట్టిలో ఒక ఆకారం చూశాడు. అది పూర్తిగా బయటపడటానికి ఐదేళ్లు పట్టింది. ఆయన దంతాలు కోసి అమ్ముకున్నాడు. 1806లో మిఖాయిల్ ఆడమ్స్ అనే శాస్త్రవేత్త అక్కడికి వెళ్లేసరికి మాంసంలో చాలావరకు తోడేళ్లు, కుక్కలు తినేశాయి. మిగిలిన ఎముకలు, తోలు, జుట్టు సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాయి. అక్కడ ఆసియా ఏనుగు అస్థిపంజరాన్ని పక్కన పెట్టుకుని, చూసి చూసి దీన్ని అమర్చారు. దంతాలు మాత్రం కుడిది ఎడమకు, ఎడమది కుడికి తగిలించారట. డ్రాయింగు లేకుండా మిషను బిగిస్తే మాకూ ఇలాగే అవుతుంది.

నాకు బాగా నచ్చింది లూబా కథ. 2007 మే నెలలో యమాల్ ద్వీపకల్పంలో యూరీ ఖుదీ అనే రెయిన్‌డీర్ల కాపరికి నది ఒడ్డున ఒక మామత్ పిల్ల కనిపించింది. ముట్టుకోవడం అరిష్టమని ఆయన ముట్టుకోలేదు. మ్యూజియం వాళ్లకు కబురు చేయడానికి ఎంతో దూరం వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. బంధువే ఒకాయన పట్టుకెళ్లి, రెండు మంచుబళ్లకు ఒక దుకాణదారుకు ఇచ్చేశాడు. దుకాణం బయట గోడకు ఆనించి పెడితే ఊరకుక్కలు తోక, ఒక చెవి కొరికేశాయి. మిగతాదంతా భద్రంగా దొరికింది. ఖుదీ భార్య పేరే దానికి పెట్టారు. 50 కిలోల బరువు, 85 సెంటీమీటర్ల ఎత్తు, వయసు సుమారు నెల. అది బతికినది దాదాపు 42,000 ఏళ్ల కిందట. బురదలో కూరుకుపోయి ఊపిరాడక చనిపోయింది. తొండంలో, గొంతులో బురద ఉంది. పెరుగు పులిసేటప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లమే దాని ఒంట్లో పుట్టి, కుళ్లిపోకుండా కాపాడింది. కనురెప్పల వెంట్రుకలు కూడా మిగిలి ఉన్నాయి. నిద్రపోతున్నట్టే ఉంటుంది.

నిద్రపోతున్నట్టు ఉంది కదా, మరి లేస్తుందా? ఇక్కడే నా వృత్తి పనికొస్తుంది.

మాంసమైనా, టమాటా అయినా చాలావరకు నీరే. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పెద్ద స్ఫటికాలు ఏర్పడి, సూదుల్లా కణాల గోడల్ని చీల్చేస్తాయి. అందుకే మేం రొయ్యల్ని మైనస్ 40 డిగ్రీల గాలిలో వీలైనంత త్వరగా గడ్డకట్టిస్తాం. అప్పుడు స్ఫటికాలు సన్నగా ఉంటాయి, నష్టం తక్కువ. ఆ తర్వాత మైనస్ 18 లేదా అంతకంటే దిగువన నిల్వ ఉంచుతాం. సైబీరియా గడ్డనేల అంత చల్లన కాదు. సున్నాకు కొద్ది డిగ్రీల నుంచి పదీ పన్నెండు డిగ్రీల దిగువన ఉంటుంది. టన్నుల బరువున్న మామత్ ఆ నేలలో గడ్డకట్టడానికి చాలా కాలం పడుతుంది. ఆ లోపల కుళ్లడం మొదలవుతుంది, కణాలు చిరుగుతాయి. మాస్టారూ, మీ టమాటాకు అయ్యింది అదే. గోడలు చిరిగాయి, నీళ్లు కారాయి.

దీన్ని నేను పుస్తకంలో చదివాను గానీ, నేర్చుకున్నది మాత్రం ఒక రాత్రి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పనిచేసే ఒక రొయ్యల ఫ్యాక్టరీలో అర్ధరాత్రి కరెంటు పోయింది. జనరేటరు పట్టుకోలేదు. తెల్లవారేసరికి స్టోరు మైనస్ 20 నుంచి మైనస్ 4కు వచ్చేసింది. కరెంటు వచ్చాక కంప్రెసర్లన్నీ నడిపి సాయంత్రానికి మళ్లీ మైనస్ 20కి దించాను. రిజిస్టరులో ఆ అంకె వేసి, "అంతా సరైపోయింది" అని పైవాళ్లకు చెప్పాను. రొయ్యలు ఒలిచే సెక్షన్లో ఒక పెద్దావిడ ఉండేది, చదువు రాదు. ఒక డబ్బా తెప్పించి, నాలుగు రొయ్యలు నీళ్లలో వేసి, తీసి బొటనవేలితో నొక్కింది. "బాబూ, ఇది ఒకసారి కరిగిన సరుకు. ఇందులో ఇంకేం లేదు" అంది. ఆవిడ మాటే నిజమైంది. థర్మామీటరు వెనక్కి వచ్చింది గానీ రొయ్య రాలేదు. ఆవిడ వేలికి తెలిసింది నా రిజిస్టరుకు తెలియలేదు. ఆవిణ్ణి అడగకుండా "సరైపోయింది" అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

మామత్ విషయంలో కూడా ఈ పరీక్ష జరిగింది. సైబీరియాలో 2010లో యూకా అనే మామత్ చాలా బాగున్న స్థితిలో దొరికింది. 2019లో జపాన్‌లోని కిండై విశ్వవిద్యాలయం వాళ్లు దాని కండరాల్లోంచి కణకేంద్రకం లాంటి భాగాలు తీసి, ఎలుక అండాల్లో ప్రవేశపెట్టారు. కొన్నింటిలో, కణం విడిపోవడానికి ముందు జరిగే ఏర్పాట్లు మొదలయ్యాయి. అంతే. ఒక్క కణం కూడా రెండు కాలేదు. కాబట్టి మాస్టారూ, జవాబు మొదటి సగం ఇది: లేచి నడవదు.

అయితే చలి పూర్తిగా చేతులెత్తేయలేదు. 2024లో ఇంకో సంగతి బయటపడింది. 52,000 ఏళ్ల కిందటి మామత్ తోలు ముక్క ఒకటి, చనిపోయిన కొద్దికాలానికే చలిగాలికి ఎండిపోయింది. నీరు పోయింది కాబట్టి లోపల ఏదీ కదలలేకపోయింది, గాజులో బిగిసినట్టు నిలిచిపోయింది. అందులో క్రోమోజోములు చుట్టుకున్న ఆకారం కూడా చెదరలేదు. లెక్కపెడితే 28 జతలు, ఏనుగుకు ఉన్నన్నే. మనం ఎండురొయ్యలు ఎందుకు ఎండబెడతామో ఆ కారణమే. ఇది నిజమేనా అని ఆ శాస్త్రవేత్తలు ఎండబెట్టిన గొడ్డు మాంసం మీద కారు ఎక్కించి, తుపాకీతో కాల్చి మరీ చూశారు. మాంసం ముక్కలైంది గానీ లోపలి అమరిక చెదరలేదు.

ఇప్పుడు రెండో దారి. శరీరం లేవకపోయినా, రాత చదవవచ్చు. జన్యువుల రాత 300 కోట్లకు పైగా అక్షరాల పుస్తకం. పాత ఎముకల్లో, జుట్టులో అది వంద అక్షరాలు కూడా లేని చిన్న చిన్న ముక్కలుగా దొరుకుతుంది. ఏనుగు పుస్తకాన్ని పక్కన పెట్టుకుని ఆ ముక్కల్ని వరసలో పేర్చాలి. 2008లో మామత్ జుట్టులోంచి తొలి చిత్తుప్రతి తయారైంది. 2015లో పోల్చి చూస్తే ఆసియా ఏనుగులో లేని, మామత్‌కు మాత్రమే ఉన్న అక్షరాల తేడాలు సుమారు 14 లక్షలు తేలాయి.

అమెరికాలో 2021లో మొదలైన కొలోసల్ అనే సంస్థ, ఆసియా ఏనుగు కణాల్లో ముఖ్యమైన తేడాలు దిద్ది, చలికి తట్టుకునే జుట్టు ఏనుగును పుట్టిస్తామంటోంది. 2028కి తొలి పిల్ల అని వాళ్ల లక్ష్యం. 2025 మార్చిలో ఏడు జన్యువులు మార్చి, పొడవాటి బంగారు రంగు బొచ్చున్న ఎలుకల్ని చూపించారు. ముద్దొస్తున్నాయి. కానీ 14 లక్షల తేడాల్లో ఏడు జన్యువులంటే ఎంతో మన లెక్కల మాస్టార్లకు వదిలేస్తున్నాను. పుట్టేది మామత్ కాదు, మామత్ కోటు వేసుకున్న ఏనుగు.

నేను ఇంజనీర్ని, ఇది కుదరదు అని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. కుదిరిందే అనుకుందాం. 22 నెలలు మోసి ఒక ఏనుగు ఆ పిల్లను కన్నదనుకుందాం. అప్పుడు నాకు మళ్లీ లూబా గుర్తొస్తుంది.

లూబా కడుపులో తల్లిపాలున్నాయి. పాలతో పాటు పెద్ద మామత్ లద్దె కూడా ఉంది, బహుశా తల్లిదే. ఇప్పటి ఏనుగు పిల్లలు కూడా తింటాయి. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు పుట్టుకతో రావు, పెద్దవాళ్ల నుంచి అలా అందుకోవాలి. అంటే గడ్డి అరిగించుకోవడం కూడా రాతలో మొత్తం లేదు, ఒకరు ఇవ్వాలి. పొట్ట సంగతే అలా ఉంటే బుర్ర సంగతి ఎలా ఉంటుంది?

రెండు నిజమైన ఉదాహరణలు చెబుతాను. టాంజానియాలో తరంగిరే అనే అభయారణ్యంలో 1993లో తీవ్రమైన కరువొచ్చింది. తొమ్మిది నెలల్లో 81 ఏనుగు పిల్లల్లో 16 చనిపోయాయి. కొన్ని మందలు అడవి వదిలి వెళ్లి నీళ్లు, మేత వెతుక్కున్నాయి, వాటి పిల్లలు ఎక్కువగా బతికాయి. ఒక మంద కదలకుండా ఉండిపోయింది, దాని పిల్లలు ఎక్కువగా పోయాయి. తేడా ఏమిటని చూస్తే, కదిలిన మందల పెద్దమ్మలు 1958-61 నాటి కరువును చిన్నతనంలో చూసినంత వయసున్నవి. ఉండిపోయిన మంద పెద్దకు 33 ఏళ్లే, ఆ కరువు దానికి తెలియదు. మూడు దశాబ్దాల కిందట ఏ దారిన నడిచామో ఒక ముసలి తల గుర్తుపెట్టుకుంది, పిల్లలు బతికాయి.

రెండోది దక్షిణాఫ్రికాలో పిలానెస్‌బర్గ్. క్రూగర్ అడవిలో ఏనుగుల సంఖ్య తగ్గించడానికి పెద్దవాటిని చంపి, అనాథ పిల్లల్ని తెచ్చి ఇక్కడ వదిలారు. మేత ఉంది, నీళ్లున్నాయి, కంచె ఉంది. పెద్ద మగ ఏనుగు ఒక్కటీ లేదు. ఆ కుర్ర మగవి ఎదిగాక పిచ్చెత్తినట్టు ప్రవర్తించాయి. 1992 నుంచి 1997 దాకా 40కి పైగా తెల్ల ఖడ్గమృగాల్ని చంపాయి. 1998లో ఆరు పెద్ద మగ ఏనుగుల్ని తెచ్చి వదిలారు. చంపడం ఆగిపోయింది. ఎవరూ ఎవరినీ కొట్టి దారిలో పెట్టలేదు. పెద్దవాళ్లు అక్కడ ఉన్నారు, అంతే. మా హైస్కూలు వరండాలో హెడ్మాస్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని నడిస్తే ఏం జరిగేదో గుర్తున్న వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మామత్ పిల్ల పుడితే దానికి పెద్ద దిక్కు ఎవరు? మంచు కింద గడ్డి ఎలా తవ్వుకోవాలో, ఏ నెలలో ఏ నదికి వెళ్లాలో చెప్పాల్సిన చివరి అమ్మమ్మ 4,000 ఏళ్ల కిందటే పోయింది.

ఆ చివరివాటి గురించి కూడా చెప్పాలి. ఆర్కిటిక్ సముద్రంలో రాంగెల్ అనే దీవి ఉంది. సుమారు 10,000 ఏళ్ల కిందట సముద్రం పొంగి అది నేల నుంచి తెగిపోయింది. కొద్ది మామత్‌లు అందులో ఉండిపోయాయి. స్టాక్‌హోమ్ శాస్త్రవేత్తలు వాటి జన్యువులు చదివి 2024లో చెప్పిందేమిటంటే, అప్పుడు పిల్లల్ని కనగలిగినవి మహా అయితే ఎనిమిది మిగిలాయి. ఎనిమిది! ఇరవై తరాల్లో అవి రెండు మూడు వందలయ్యాయి. ఆ తర్వాత 6,000 ఏళ్లు ఆ చిన్న దీవి మీద నిలబడ్డాయి. దగ్గరి చుట్టాల మధ్య సంతానం వల్ల లోపాలు ఉన్నాయి, అయినా వాటి వల్ల జాతి కుంగిపోయిన జాడ లేదు. అంతం హఠాత్తుగా వచ్చింది. ఈజిప్టులో పిరమిడ్లు లేచినప్పుడు, మన సింధు లోయలో ముద్రల మీద ఏనుగు బొమ్మ చెక్కుతున్నప్పుడు, అక్కడ మామత్ తల్లులు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతూనే ఉన్నాయి.

అలస్కా దగ్గర సెయింట్ పాల్ అనే ఇంకో దీవి మీద 5,600 ఏళ్ల కిందటి దాకా ఉన్నాయి. అక్కడ సముద్రం పెరుగుతూ దీవి కుంచించుకుపోయింది, మంచినీటి చెరువులు ఎండుతూ వచ్చాయి. ఉన్న ఒకటి రెండు చెరువుల దగ్గరే గుమిగూడితే గట్లు తొక్కుడుపడి, పూడిక పేరుకుని, ఆ నీళ్లూ పోయాయి. దాహంతో పోయాయవి. గడ్డకట్టే చలికి లొంగని జంతువు ఒక చెరువు పూడితే పోయింది.

మన చెంతనే ఇంకో కథ ఉంది. చిత్తూరు జిల్లా అడవుల్లో సుమారు రెండు వందల ఏళ్లు ఏనుగుల్లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి మందలు వాటంతటవే వచ్చాయి. 1990లో వాటి కోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఏ ప్రయోగశాలా లేకుండా, పెద్దల వెంట పిల్లలు నడిచి తిరిగొచ్చిన ఏనుగులవి. వాటికి మనం ఇస్తున్నదేమిటి? రైతు చెరకు పోతోంది, అరటి పోతోంది, మనుషులూ పోతున్నారు. కరెంటు తీగలకు ఏనుగులు పోతున్నాయి. ఉన్న చుట్టానికి చోటు చూపించలేని మనం, లేని చుట్టాన్ని పిలుస్తామంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

ఇక చివరి మాట. నిన్న సాయంత్రం మన సైన్స్ గది తెరిపించుకుని చూశాను. అదే బల్ల, అదే బీరువా. సీసాలో మా కప్ప ఇంకా ఉంది, లూబాలాగే నిద్రపోతోంది. స్వర్ణోత్సవ నిధితో ఆ గదికి టైల్స్, కొత్త బల్లలు, కొత్త పరికరాలు పెట్టించాలని సంఘం తీర్మానించింది. మంచి పని, నా వంతు నేనూ ఇచ్చాను. ఇచ్చి ఇంటికెళ్లి "అంతా సరైపోయింది" అనుకునేవాణ్ణే, ఆ రొయ్యల పెద్దావిడ గుర్తురాకపోతే.

నిజం ఒప్పుకోవాలి. పదిహేనేళ్లుగా నేను ఈ సంఘానికి ఏటా డబ్బు పంపుతున్నాను. ఈ పదిహేనేళ్లలో ఒక్క రోజు కూడా ఆ గదిలో ఒక్క పిల్లాడితో మాట్లాడలేదు. గది తయారవుతుంది. అందులో ఒక పిల్లాడు లేచి పిచ్చి ప్రశ్న వేస్తే, నవ్వకుండా "రేపు టమాటా పట్రా" అనేవాళ్లు ఎంతమంది? ఇప్పుడున్న టీచర్లకు మనసు లేక కాదు. వాళ్లకున్న పని, రాయాల్సిన రికార్డులు నాకు తెలుసు. వాళ్లకు తోడు కావాలి. మనం డాక్టర్లం, రైతులం, మెకానిక్కులం, బ్యాంకువాళ్లం, గృహిణులం. ఒక్కొక్కరి చేతిలో ఏదో ఒక దారి గుర్తుంది. అది మనతో పోకూడదు.

అందుకే భోజనాల గది దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. నెలకు రెండు శనివారాలు, మధ్యాహ్నం రెండు గంటలు, ఏడాదికి ఇరవై నాలుగు. ఒక్కొక్కరు ఒక్క శనివారం రాస్తే చాలు. పొద్దుటి నుంచి ఆరు పేర్లు వచ్చాయి. ఇంకా పద్దెనిమిది ఖాళీలున్నాయి. మొదటి శనివారం నాది. ఐసు, కల్లుప్పు నేను తెస్తాను. టమాటా ఎవరు తెస్తారో పిల్లలే చెప్పాలి.

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు ఇది. గడ్డకట్టినప్పుడు కణాల గోడలు చిరిగిపోతాయి, అందుకే టమాటా నీరైంది, అందుకే మామత్ లేవదు. దాని రాతను చదవగలం, రేపో మాపో కొంత తిరగరాయగలం. దాన్ని పెంచే పెద్దల్ని మాత్రం ఏ ఫ్రీజరూ దాచలేదు. నలభై రెండేళ్లు ఆలస్యమైంది, క్షమించండి. మార్కులు మీ ఇష్టం.